కొంగు కింద కారు బేరం

సుంకులమ్మకు కారు కావల్సొచ్చింది. ఊరికే కాదప్పా, ఎందుకో చెప్తా, తొందరపడొద్దండి. ఆయమ్మ మొగుడు మద్దిలేటి, ఎద్దుల దళారి. మీకు తెలుసు గదా దళారి పని, అమ్మేటోనికీ కొనేటోనికీ నడమన నిలబడి బేరం కుదిర్చేది. ముప్పై ఏండ్ల నుంచి ఆయప్పది అదే పని. ఆదోని దిక్కు సంతయితేనేమి, నంద్యాల దిక్కు సంతయితేనేమి, మద్దిలేటి తువ్వాలు లేకుండా మంచి జత ఎద్దులు చేతులు మారేది లేదనుకో. ఇంట్లోనే ఎద్దులు తోలే లారీ ఉండె. లారీ ఉంటే ఇంగ పెండ్లిళ్లకు పేరంటాలకు బస్సెందుకు అని మొగుడూపెండ్లాలు దాంట్లోనే పోయేవాళ్లంట. మొగుడు డ్రైవరు పక్కన, సుంకులమ్మ కిటికీ పక్కన, ఒళ్లో సంచి, సంచి మీద ఇంగో సంచి. ఏమైందంటే, పోయిన మాఘమాసంలో డోన్లో ఆయమ్మ చెల్లెలి కూతురి పెండ్లి. దావలో ఎవురో ముసలాయన చెయ్యెత్తితే మద్దిలేటి ఎక్కించుకున్నాడు. ముసలాయనకు ముందు సీటు ఇచ్చి సుంకులమ్మను వెనక ఎక్కమన్నాడు. వెనక రెండు కోడెలుండాయి. ఎక్కేటప్పుడు పట్టుచీర, దిగేటప్పుడు పేడచీర. పెండ్లివాళ్లు ముక్కు మూసుకోలా గానీ నవ్వినారంట. వాళ్లల్లో ఒకామె "ఏం వదినా, కోడెలకు గూడా మేము కార్డు ఇచ్చినామా" అనిందంట. సుంకులమ్మ ఆ రోజు పెండ్లిలో అన్నం తినలా.

ఎనిమిది రోజులు మొగునితో మాట్లాడలా. తొమ్మిదో రోజు సంగటి పెట్టి, పక్కన కూర్చోని, కారు కొనాల అనిందంట. కారంటే ఏదో ఒకటి కాదు, వెనక డిక్కీ ఉండేది, సంచులన్నీ దాంట్లో పడేసి నేను చేతులూపుకుంటా కూర్చోవాల. వచ్చే నెల మా అన్న కొత్తింట్లో చేరుతాడు, ఆ పొద్దు నేను కార్లోనించి దిగాల, దిగకపోతే ఆ ఇంటి గడప తొక్కేదే లేదు, ఒక్కగానొక్క అన్న ఇల్లు అయినా సరే, అని చెప్పేసింది. దుడ్లు యాడుండాయి మే అంటే, నా బర్రెపాల దుడ్లు పదేండ్లవి బ్యాంకులో ఉండాయి, సగం నావి, సగం నీవి అనింది. మద్దిలేటి ఒప్పుకున్నాడు. సరేలే, బేరం మాత్రం నాకు ఇడిసిపెట్టు, నాకంటే బాగా బేరం చేసేటోడు ఈ జిల్లాలో ఎవుడుండాడు అన్నాడంట. ఆడ్నే వచ్చింది తంటా.

ఇప్పుడు మీకు సంత పద్ధతి చెప్పాల, తెలిసినోళ్లు కొంచెం ఓర్చుకోండి. సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పుకోని దానికింద చెయ్యీ చెయ్యీ పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే ఐదు, ఐదు దాటితే రెండో చేతి వేళ్లు గూడా కలుపుతారు. ఎందుకట్లా అంటే, చుట్టూ వందమంది చెవులు రిక్కించి ఉంటారు. ఒగనికి తగ్గించినారని తెలిస్తే అందరూ అంతకే అడుగుతారు గదా. తువ్వాలు కింద జరిగింది ఆ ఇద్దరికి తప్ప ఇంగెవురికీ తెలీకూడదు, ఇంట్లో పెండ్లానికి గూడా. ఇది ఒకటి. రెండోది, చెయ్యి బిగించి పట్టి ఊపినారంటే బేరం అయిపోయినట్లే. ఊపినాక కాదన్నాడనుకో, వాన్ని మళ్లా సంతలో కూర్చోనియ్యరు. మూడోది, కొనేటోడు ధర నచ్చకపోతే లేచిపోవాల. అది అలగడం కాదు, పద్ధతి. అమ్మేటోడు ఎనకాల్నే ఉరికొచ్చి తువ్వాలు కొస పట్టి గుంజాల. గుంజితేనే తిరిగి రావాల. ఎవురూ గుంజకుండా తనంతట తానే వచ్చినాడంటే వాని పరువు ఆడ్నే పోయినట్లు. మద్దిలేటి ఈ మూడూ ప్రాణం మాదిరి చూసుకుంటాడు.

మరి కార్ల అంగట్లో తువ్వాలు గుంజేటోళ్లు ఎవురుండారు? కర్నూలుకు పోయినారు ఇద్దరూ. మొదటి అంగట్లో ధర చెప్పినారు, మద్దిలేటి లేచినాడు, గేటు దాకా పోయినాడు, నిలబడినాడు. వాళ్లు థాంక్యూ సార్ అని చెప్పి తలుపు మూసుకున్నారు. రెండో అంగట్లో గూడా అంతే, ఈసారి బస్టాండు దాకా నడిచినాడంట, మెల్లగా, ఎనక్కి చూడకుండా. ఎనక్కి చూడకూడదు గదా, అదీ పద్ధతే. అందుకని పెండ్లాన్ని అడుగుతాండాడు, ఎనకాల ఎవురన్నా వస్తాండారా చూడు మే అని. సుంకులమ్మ ఎండలో చెమటలు తుడుచుకుంటా, ఎవురూ రాల్యా, నేనే వస్తాండా అనిందంట. నవ్వండి నవ్వండి, ఆయమ్మకు ఆ పొద్దు ఏడుపొచ్చింది. కర్నూల్లో ఆయమ్మకు కావల్సిన కార్లమ్మే అంగళ్లు మూడే మూడు. రెండు పోయినాయి. అన్న కొత్తింట్లో చేరడానికి పన్నెండు రోజులుండాయి. మూడో అంగడి మెట్లెక్కతా మొగునికి చెప్పింది, చూడప్పా, ఈ పొద్దు నువ్వు లేచిపోతే పో, నేను మాత్రం లేచేది లేదు అని. మద్దిలేటి చూద్దాంలే అన్నాడు.

ఆ అంగట్లో షబానా అని ఒక పిల్ల ఉండె. కార్లు చూపించి అమ్మేది ఆ పిల్ల పని. చిన్న పిల్లే, ఇరవై మూడో ఇరవై నాలుగో, నల్ల కోటు తొడుక్కోని, రాండమ్మా కూర్చోండి అని నీళ్లిచ్చింది. తెల్లకారు ఒకటి చూపించింది. వెనక డిక్కీ తెరిచి చూపిస్తే సుంకులమ్మ లోపలికి తల పెట్టి చూసి, ఇంత సందులో రెండు మూటల బియ్యం పడతాయి అనుకుందంట. ఆయమ్మకు నచ్చిపోయింది. నచ్చిందని మొగం మీద కనపడనియ్యకూడదు గదా, మద్దిలేటి కండ్లతోనే బెదిరిస్తాండాడు. ఆయప్ప కారు చుట్టూ మూడుసార్లు తిరిగినాడు. టైరును కాలితో తన్నినాడు. బానెట్ తెరవమ్మా, పండ్లు చూస్తా అన్నాడంట. ఎద్దును ఎట్లా చూస్తాడో అట్లే చూస్తాండాడు. ఎద్దుల బేరంలో ఇంగో అలవాటు ఏమంటే, కొనేముందు దానికి పేర్లు పెట్టాల, వంకలు చెప్పాల. నడుము కిందికుంది, కండ్లు పెద్దవి, ఈ తోక ఎందుకమ్మా ఇంత పొడుగు, దండగ అన్నాడు. తోకంటే డిక్కీ. పెండ్లాం కావాలని ఏడ్చేది దానికోసం, ఈయప్ప దానికే వంక పెట్టె. షబానా చిన్నబోయింది. సుంకులమ్మ పోయి కారు వెనక సీట్లో కూర్చునింది.

ధరెంత అంటే, అన్నీ కలిపి పదకొండు లక్షల నలభైవేలు సార్, మీకు పదివేలు తగ్గిస్తాం అనింది ఆ పిల్ల, గట్టిగా, అందరికీ వినపడేటట్లు. మద్దిలేటికి ఒళ్లు జలదరించిందంట. ధరను బయటికి చెప్తారా ఎవురన్నా? భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకోని ఆ పిల్ల దిక్కు చాపినాడు. చాపి, ఆడపిల్ల అని గుర్తుకొచ్చి గభాల్న ఎనక్కి తీసుకున్నాడు. ఆడపిల్ల చెయ్యి పట్టేది ఎట్లా? మీ పెద్దాయన యాడుండాడమ్మా అంటే అద్దాల గదిలో మేనేజరును చూపించింది. నేరుగా లోపలికి పోయినాడు. ఒక్కో వేలుకు పదివేలు తగ్గింపు అనుకుందాం సార్ అని చెప్పి తువ్వాలు కప్పిన చెయ్యి చాపినాడంట. ఆ మేనేజరు ఫోన్లో ఉండాడు పాపం. ఈయప్ప చెప్పింది సగం వినపడలా. మర్యాద కోసం లేచి, ఓకే ఓకే సార్ అని, తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి, చెయ్యంతా గట్టిగా పట్టి రెండుసార్లు ఊపినాడు. చూసినారా? చెయ్యంతా పట్టినాడు, ఊపినాడు. మద్దిలేటి లెక్కలో ఐదు వేళ్లు, అంటే యాభైవేలు తగ్గించినాడు, బేరం ముగిసిపోయింది. గుండె నిండిపోయిందంట ఆయప్పకు. ఇంత పెద్ద బేరం ఒక్క పట్టుకు తెగిందా అని ఆయప్పకే నమ్మకం కుదరలా.

బయటికొచ్చి, బిల్లు రాయమ్మా, మీ సారు ఐదు ఇచ్చినాడు అన్నాడు. షబానా పోయి మేనేజరును అడిగొచ్చింది. సార్ ఏమీ ఇవ్వలేదంట సార్, ఊరికే షేక్‌హ్యాండ్ ఇచ్చినారంట అనింది. మద్దిలేటి మొగం నల్లగా అయింది. ముప్పై ఏండ్లలో ఆయప్ప చెయ్యి పట్టి ఊపి మాట తప్పినోడు ఒగడు గూడా లేడు. చెయ్యి ఇచ్చి కాదంటారా, చదువుకున్నోళ్లు చేసే పనేనా ఇది, అని మెల్లగా అన్నాడంట. కోపం గాదు, బాధ. తువ్వాలు దులిపి భుజాన వేసుకోని మెట్లు దిగి పోయినాడు. ఎనక్కి చూడలా. ఎవురూ గుంజలా. ఆ అంగడికి ఎదురుగ్గా రోడ్డు అవతల టీ అంగడుంది, ఆడ బల్ల మీద కూర్చున్నాడు, ఈ తలుపు కనపడేటట్లు.

సుంకులమ్మ లేచిందా? లేయలా. చెప్పింది గదా లేయనని. కార్లో వెనక సీట్లో అట్లే కూర్చోనుండాది. షబానా వచ్చి తలుపు దగ్గర నిలబడి, అమ్మా, సార్ వెళ్లిపోయినారు అనింది. పోనీలే పాపా, ఆయప్ప యాడికీ పోడు, ఆ టీ అంగట్లో ఉంటాడు, మీలో ఎవురన్నా పిలుస్తారేమోనని చూస్తాంటాడు అనింది సుంకులమ్మ. ఆ పిల్ల నవ్వాపుకోలేక నవ్వింది. ఈయమ్మా నవ్వింది. రా పాపా, పక్కన కూర్చో, నిలబడి నిలబడి నీ కాళ్లు పీకుతాండాయి, చూస్తానే ఉండా అని పక్కకు జరిగింది. ఆ పిల్ల కూర్చునింది. కూర్చోబెట్టి, ఆయప్ప కథంతా చెప్పిందంట, తువ్వాలు, వేళ్లు, ఊపడం, గుంజడం అన్నీ. షబానాకు అప్పుడు అర్థమైంది. అయ్యో, మా సార్‌కు నిజంగా తెలీదమ్మా అనింది. తెలీదని నాకు తెలుసులే, ఇప్పుడు నువ్వు చెప్పు, నిజంగా ఎంత తగ్గుతుంది అని సుంకులమ్మ అడిగింది. ఆ పిల్ల నోరు తెరవబోయి మూసుకునింది. ఎందుకంటే, అప్పుడే ఒక కాంట్రాక్టరు వచ్చి అదే కార్లో ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన గూడా ఆ కారే కొనాలని వచ్చినాడు. స్టీరింగు పట్టుకోని ముందుకు చూస్తాండాడు గానీ చెవులు రెండూ వెనక సీట్లో పెట్టినాడు. ఆయన పెండ్లాం బయట నిలబడి డోరు పట్టుకోనుండాది. వీళ్లకు తగ్గిస్తే వాళ్లూ అడగరా? పదివేలే తగ్గుతుందమ్మా, అంతకుమించి నా చేతుల్లో లేదు అనింది షబానా గట్టిగా, కండ్లు మాత్రం ముందు సీటు దిక్కు చూపించింది.

అప్పుడు సుంకులమ్మ ఏం చేసిందంటే, కొంగు తీసి ఒళ్లో పరిచింది. దానికిందికి ఆ పిల్ల చెయ్యి లాక్కునింది. మీరడగొచ్చు, సంత మొగం చూడని ఆడమనిషికి వేళ్ల లెక్క ఎట్లా తెలుసని. ముప్పై ఏండ్లు ఆ మొగునితో కాపురం చేసింది గదప్పా. ఆయప్ప నిద్రలో గూడా బేరం చేస్తాడు. పక్కన పండుకున్న ఈయమ్మ వేళ్లు పట్టుకోని పిసుకుతాడు, ఒకటి, మూడు, ఐదు, మళ్లా రెండు. మొదట్లో ఈయమ్మ ప్రేమనుకునిందంట. తర్వాత తెలిసింది అది సీమ కోడెల జత అని. అట్లా నేర్చుకునింది. సరే, కొంగు కింద ఆ పిల్ల చేతిలో ఏడు వేళ్ల లెక్క పట్టింది, అంటే డెబ్బైవేలు తగ్గించమని. షబానా తల అడ్డంగా ఊపి రెండు వేళ్లు పట్టింది. సుంకులమ్మ ఆరు. షబానా మూడు. ముందు సీట్లో కాంట్రాక్టరు పైన ఉండే చిన్న అద్దంలో చూస్తాండాడు. వానికి కనపడేది ఏముంది, ఇద్దరాడోళ్లు మాట్లాడకుండా ఒకరి మొగం ఒకరు చూసుకుంటా ఉండారు, ఒకసారి ఈమె కనుబొమ్మలు ముడుస్తాది, ఒకసారి ఆమె పెదవి కొరుకుతాది. ఏమ్మా, మీకేమన్నా ఒంట్లో బాగలేదా అని అడిగినాడంట. బాగుండాది నాయనా, పాపకు జాతకం చూస్తాండా అనింది సుంకులమ్మ.

నడమన ఆ పిల్ల చేతిలోని ధరల కాగితం తీసి చదివించుకునింది. ఏదేది ఎంతెంత, చెప్పు పాపా అని. దాంట్లో హ్యాండ్లింగ్ చార్జీలు ఎనిమిదివేలు అని రాసినారు. ఇదేంది అంటే, గోడౌన్ నుంచి ఈడికి బండి తెచ్చినందుకు అమ్మా అనింది. దొడ్లో కట్టేసిన బర్రెను వాకిట్లోకి తోలకొచ్చినందుకు ఎవురన్నా దుడ్లు అడుగుతారా పాపా అనింది సుంకులమ్మ. ఆ పిల్ల పెన్నుతో దాన్ని కొట్టేసింది. మళ్లా కొంగు కింద చేతులు పోయినాయి. షబానా నాలుగు పట్టింది. సుంకులమ్మ ఊకున్నాది. షబానా చాలాసేపు ఆలోచించి ఐదు పట్టింది. సుంకులమ్మ ఇంగా ఊకున్నాది. అప్పుడు ఆ పిల్ల ఇంగొక్క వేలు, రెండో చేతి చిటికెన వేలు, మెల్లగా పెట్టింది. పెట్టింది గానీ ఆ వేలు వణికిందంట. ఐదు వేళ్లు పట్టేటప్పుడు వణకలా, ఆరోది వణికింది. సుంకులమ్మకు అర్థమైపోయింది. ఐదు దాకా అంగడిది. ఆరోది ఆ పిల్ల సొంతం. కారు అమ్మితే తనకొచ్చే నాలుగు రూకల్లోనించి తీసి ఇస్తాండాది. ఎందుకిస్తాండాదో ఏమో, ఆ నెలలో ఒక్క కారూ అమ్మలేదో, మేనేజరు మాటన్నాడో, ఈయమ్మ అడగలా. పిల్ల మొగం చూసింది. చూసి, ఆ చిటికెన వేలును తన చేత్తోనే మడిచి, ఆ పిల్ల అరచేతిలోనే పెట్టేసింది. ఈ వేలు నీది, పెట్టుకో పాపా అని చెవిలో చెప్పింది. ఐదు వేళ్లూ పట్టుకోని చెయ్యి ఊపింది. షబానాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ముందు సీటాయన అద్దంలో చూసి, జాతకం అంత బాగలేదా అన్నాడంట. బ్రహ్మాండంగా ఉండాది నాయనా అనింది సుంకులమ్మ.

మేనేజరు ఐదుకు సరే అన్నాడు, అది ఆయన ఒప్పుకునే లెక్కే. ఇంగ మద్దిలేటి రావాల. తనంతట తాను రాడు, చచ్చినా రాడు. సుంకులమ్మ పిలిచినా రాడు, కొనేటోని పెండ్లాం పిలిస్తే లెక్కలోకి రాదు. నువ్వే పో పాపా, ఏం మాట్లాడొద్దు, తువ్వాలు కొస పట్టి గుంజు అని చెప్పి పంపింది. షబానా కోటు సర్దుకోని రోడ్డు దాటింది. మద్దిలేటి నాలుగో టీ తాగుతాండాడు. నోట్లో టీ, కండ్లు తలుపు మీద. ఆ పిల్ల వచ్చి ఎదురుగ్గా నిలబడి, భుజం మీది తువ్వాలు కొస పట్టుకోని గట్టిగా గుంజింది. టీ ఒలికింది. ఆయప్ప మొగం చూడాల్సిందంట అప్పుడు. రెండు అంగళ్లు తిరిగి, బస్టాండు దాకా నడిచి, ముప్పై ఏండ్ల పద్ధతిని గౌరవించేటోడు ఈ ఊర్లో ఒక్కడూ లేడా అనుకునే మనిషికి, ఎవురో వచ్చి గుంజినారు. అట్లా రాండి దావకు అన్నాడు. లేచి, తువ్వాలు కొస ఆ పిల్ల చేతుల్లోనే ఉండనిచ్చి, ఎనకాల్నే నడిచినాడు. రోడ్డు మీద ఆటోలోళ్లు నిలబెట్టి చూసినారంట.

లోపలికొచ్చి ఎంతకు తెగింది అన్నాడు. ఐదు అనింది సుంకులమ్మ. నేను చెప్పలా, ఆ సారు ఐదు అని చెయ్యి ఊపినాడని, మీరు నమ్మలా. పెద్ద మనిషప్పా, మాట మీద నిలబడినాడు, అని మద్దిలేటి నేరుగా అద్దాల గదిలోకి పోయి మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ మేనేజరు ఏమీ అర్థం కాక మళ్లా చెయ్యంతా పట్టి ఊపబోయినాడు. ఇంగో యాభైవేలు తగ్గించినాడంటాడేమో ఈ మనిషి అని సుంకులమ్మ ఉరికిపోయి మొగుని చెయ్యి విడిపించిందంట. ఆరో వేలు సంగతి మాత్రం మొగునికి చెప్పలా. కొంగు కింద జరిగింది ఇంట్లోవాళ్లకు గూడా చెప్పకూడదు గదా, ఆ పద్ధతి ఆయప్పదే.

అన్న కొత్తింట్లో చేరే రోజు తెల్లకారు పోయి వాకిట్లో ఆగింది. లారీ తోలే వెంకటరాముడే తోలినాడు, సంతకు తోలినట్లు దావంతా హారన్ కొట్టుకుంటా. సుంకులమ్మ దిగింది, అందరూ చూసినారు. ఆ కోడెల మాటన్నామె గూడా చూసింది, కారు చుట్టూ తిరిగి, తెలుపు తొందరగా మాస్తాది వదినా అనిందంట. మాస్తే కడుగుతాలే అని సుంకులమ్మ లోపలికి పోయి రెండుసార్లు పాయసం వేయించుకునింది. ఆ పాయసం బాగున్నాదని ఇప్పటికీ చెప్తాది.

మరి కొంగు కింద జరిగింది నాకెట్లా తెలుసంటారా? సుంకులమ్మ మా ఇంటామెకు చెప్పింది. ఆడోళ్లకు ఆడోళ్లు చెప్పుకోవచ్చునంట, ఆ పద్ధతి ఈ మధ్యనే పెట్టినారు. చెప్పడమే గాదు, వేళ్ల లెక్క గూడా నేర్పించింది. ఇప్పుడు మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆడోళ్లే సంతకు పోతాండారు. మద్దిలేటి వాళ్లకు తువ్వాలు అప్పిచ్చి, పక్కన కూర్చోని బీడీ తాగుతాడు, సంతోషంగానే ఉండాడు లే. పోయిన నెల మా ఇంటామె గూడా పోయి ఒక కోడెను తోలకొచ్చింది. మంచి కోడె, వంక పెట్టేదానికి లేదు, నేను పండ్లు గూడా చూసినా. ఎంతకు తెచ్చినావు మే అని ఆ పొద్దు నుంచి అడుగుతానే ఉండా. ఊహూ. నా దుడ్లే అప్పా అవి, నా చేత్తో లెక్కబెట్టి ఇచ్చిన దుడ్లు. మిగిలింది ఎంతో గూడా చెప్పలా.